రేకు మీద ఒక్క వాక్యం

మా ఉస్తాద్ చనిపోయారు. ఆ కబురు మంగళవారం ఉదయం రాయచూరులో, మా కళాశాల సభామందిరంలో చర్చాపోటీకి పేర్లు పిలుస్తుండగా, ఫోన్‌లో అందింది. ఫోన్ చేసినది ఆయన భార్య, నేను పెద్దమ్మ అని పిలిచే మనిషి.

“పొయ్యిండు బిడ్డా,” అన్నది. “పొద్దుగాల చాయ్ తాగి, షెడ్డు తలుపు తీసొస్త అని లేసిండు. తలుపైతే తీసిండు. ఆడనే కుర్సీల కూసున్నడు. మల్ల లేవలె.”

వెనక ఎవరో షెడ్డుకు తాళం వేయమంటారా అని అడుగుతున్నారు. “ఎయ్యకుండ్రి. వకీలమ్మ వస్తది,” అని ఆమె వాళ్లకు చెప్పడం వినిపించింది. ఆ వకీలమ్మను నేనే. నేను చదివేది న్యాయశాస్త్రం కాదు, చరిత్ర ఎం.ఏ. అయినా నా నోరు చూసి ఉస్తాద్ పెట్టిన పేరది. వేదిక మీద నా పేరు పిలిచారు. లేచి, ఈరోజు నా దగ్గర వాదన లేదని చెప్పి, దేవసూగూరు బస్సెక్కాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు పెద్ద పెద్ద విశేషణాలు వాడటం మనకు అలవాటు. ఆ అలవాటు మీద నాకు ఎప్పటినుంచో కోపం. మనిషి బతికున్నప్పుడు నమస్కారం కూడా పెట్టనివాళ్లు పోయాక మహనీయుడని రాస్తారు. ఉస్తాద్‌కు ఇంకో కారణం ఉండేది. “రంగు మస్తుగ కొట్టిన్రంటే కింద తుప్పున్నట్టే. గోటితోని గీకి సూడు,” అనేవారు. కాబట్టి రంగు వేయకుండా, ఆయన్ను నాకు తెలిసినంతవరకే రాస్తాను.

ఆయన దేవసూగూరులో, విద్యుత్ కేంద్రానికి పోయే దారి పక్కన, రేకుల షెడ్డులో పాత మోటారు బండ్లను బాగుచేసేవారు. పాతవంటే పదేళ్లవి కావు. నిజాం కాలపు కార్లు, ముక్కు పొడుగు లారీలు, పైకప్పు లేని జీపులు. వాటిని కొత్తవాటిలా మెరిపించడం ఆయన పని కాదు. పాతవిగానే నడిపించడం ఆయన పని. హైదరాబాదు నుంచి, గుల్బర్గా నుంచి కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. ఆయన మాత్రం చాలా బండ్లను తిప్పి పంపేవారు. “గీయన బండి తీస్కపొయ్యి పెండ్లిళ్ల నిలవెడ్తడు. నడిపియ్యడు,” అనేవారు. నడవని బండిని ఆయన బండిగా లెక్కించేవారు కాదు.

నేను ఆయన దగ్గరికి పని నేర్చుకోవడానికి పోలేదు. ఓడించడానికి పోయాను.

డిగ్రీ మొదటి సంవత్సరంలో మా కళాశాలలో ఒక చర్చాపోటీ జరిగింది. కాలం చెల్లిన వాహనాలను తుక్కుకు పంపాలా, కాపాడాలా అన్నది విషయం. నేను తుక్కుకు పంపాలన్న పక్షాన మాట్లాడి మొదటి బహుమతి గెలిచాను. పొగ గురించీ, ప్రమాదాల గురించీ, జ్ఞాపకాలను పూజించే సమాజపు బద్ధకం గురించీ అనర్గళంగా మాట్లాడాను. కప్పు చేతపట్టుకుని బయటికొస్తే, మా కళాశాల స్థాపించిన పెద్దమనిషి వాడిన పాత కారు వసారాలో బానెట్ ఎత్తి ఉంది. దాని పక్కన ఖాకీ చొక్కా వేసుకున్న ఒక ముసలాయన మూరెడు పొడుగు కర్ర ఒకటి ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. సభామందిరం కిటికీ ఆయన నెత్తిమీదే ఉంది.

“గెలిచినవంట గద,” అన్నారు కళ్లు తెరవకుండానే. “మంచిగ మాట్లాడినవ్. ఎప్పుడన్న బానెట్ ఎత్తినవా బిడ్డా?”

“అవసరం లేదండీ. వాదనకు ఆధారాలుంటే చాలు,” అన్నాను.

“ఆధారం గీడున్నది. ఇను.” కర్ర నా చేతికిచ్చారు.

చెవికి పెట్టుకున్నాను. బయటికి ఒకే రొదగా వినిపిస్తున్నది కర్రలోంచి వింటే నాలుగు వేర్వేరు చప్పుళ్లయింది. ఒకటి కుదురుగా ఉంది, ఒకటి తొందరపడుతోంది, ఒకటి దగ్గుతోంది. నాలుగోది ఏమిటో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

“ఇందులో ఏముంది? పాత ఇంజను, అంతే,” అన్నాను.

ఆయన నవ్వారు. “నువ్వు చెప్పింది తప్పని నేను అంటలేను. నాతోని వాదిస్తే నువ్వే గెలుస్తవ్. ఐతారం దేవసూగూరు రా, ఇంజన్‌తోని వాదించు.”

ఆ ఆదివారం కోపంగా పోయాను. మూడేళ్లు పోతూనే ఉన్నాను.

మొదటి రెండు నెలలు నాకు ఆయన అప్పగించినది బోల్టులు కడిగే పని. విప్పిన ప్రతి బోల్టునూ కిరోసిన్‌లో కడిగి, తెల్ల గుడ్డ మీద, బండిలో ఏ స్థానంలో ఉండేదో అదే వరసలో పేర్చాలి. ఒక్కటి అటూ ఇటూ అయితే ఆయన మొత్తం డబ్బాలో పోసి, మళ్లీ మొదటినుంచి పేర్చమంటారు. ఇది బానిసత్వమని ఒకరోజు ఆయనతో గట్టిగా వాదించాను. శ్రమ విభజన గురించి చదివిందంతా చెప్పాను. ఆయన తలూపుతూ విని, చాయ్ పూర్తిచేసి, “మంచిగున్నది. గా మూడో బోల్టు రెండో జాగల పెట్టినవ్,” అన్నారు.

ఆయన భాషలకు ఒక కట్టుబాటు ఉండేది. కొలతలు ఉర్దూలో చెప్పేవారు. స్పానర్ జారి వేలికి తగిలితే కన్నడంలో తిట్టేవారు. బండితో మాత్రం తెలుగే. మొరాయించే ఇంజను ముందు కూర్చుని, “ఏందమ్మా, ఏమైందే నీకు, గిట్ల చేస్తే ఎట్ల?” అని అడగడం నేను ఎన్నిసార్లు విన్నానో. పెద్దమ్మ చాయ్ తెచ్చి, “నన్నెప్పుడన్న గంత ముద్దుగ అడిగిండా సూడు బిడ్డా,” అనేది. “నువ్వెప్పుడు మొరాయిస్తలేవు గద,” అనేవారాయన. “మొరాయిస్త, రేపటి సంది సూడు,” అని ఆమె గ్లాసులు పట్టుకుని లోపలికి పోయేది.

దేవసూగూరు గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. అక్కడ పొగగొట్టాలు ముందు కనిపిస్తాయి, ఊరు తర్వాత. బొగ్గు కాలిన సన్నటి బూడిద కిటికీ మీద, అరుగు మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. సూగూరేశ్వరుడి జాతరకొచ్చినవాళ్లు విభూతి వేరే కొనుక్కోనక్కర లేదని ఊళ్లో వాళ్లే హాస్యమాడతారు. దాని గురించి నేను పత్రికలకు ఉత్తరాలు రాశాను, వేదికలెక్కాను. ఉస్తాద్ మాత్రం ఆ బూడిదను పలుచటి గుడ్డలో జల్లెడపట్టి, రెండు డబ్బాల్లో దాచేవారు. తడిపిన ఆ బూడిదతో రుద్దితే ఇత్తడి దీపాల అంచులు గీత పడకుండా తళతళలాడేవి. “మన మీద పడేది ఎట్లైన పడ్తది. దానితోని కొంచెం పని చేపిస్త,” అనేవారు. దీన్ని నేను రాజీపడటమన్నాను. ఆయన “హౌ” అని ఒప్పుకున్నారు. ఆ తర్వాత కూడా తోముతూనే ఉన్నారు, నేను ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఇద్దరం చేసిందీ అవసరమే అనిపిస్తుంది.

ఆయన అలవాట్లలో ఒకటి ఈ వ్యాసానికి కీలకం. బాగుచేసిన ప్రతి బండిలోనూ, డాష్‌బోర్డు కింద, పైకి కనిపించని చోట, జానెడు రేకుముక్క ఒకటి బిగించేవారు. దాని మీద మేకు పెట్టి సుత్తితో చుక్కలు కొట్టి అక్షరాలు రాసేవారు. బండిలో ఏది అసలుది, ఏది తాను మార్చింది, ఏది తాను పాడుచేసింది అన్నది ఆ రేకు మీద ఉండాలి. ముఖ్యంగా ఆ మూడోది. రాయచూరులో ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ పెట్టిన నియమమట అది. “నా ఎనక దీన్ని ఇప్పెటోడు నన్ను నమ్మి చెయ్యి పెడ్తడు. వానికి అబద్ధం చెప్పొద్దు,” అనేవారు.

నా రెండో ఏడు, ఉగాది తర్వాత, పోతనాళ నుంచి ఒక ముక్కు లారీ ట్రాక్టరు వెనక తాడు కట్టుకుని వచ్చింది. తెచ్చిన రైతుది కాలువ కింద వరిసాగు. వాళ్ల కుటుంబం గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడింది.

“మేస్త్రీగారూ, గుర్తుపట్టారా దీన్ని?” అన్నాడాయన దిగుతూనే.

ఉస్తాద్ లారీ చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి, డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడిమారు. ఆ తర్వాత నన్ను పిలిచి టార్చి వేసి చూడమన్నారు. తుప్పు పట్టిన రేకు మీద పైన ఒక వరస ఉర్దూ, దాని కింద వంకరటింకర తెలుగు. “వెనక స్ప్రింగుల ఒక పట్టీ తక్కువేసిన. బరువు చూసి ఎయ్యి.”

“పైది మా ఉస్తాద్ రాత. కిందిది నాది, నీ ఈడుల రాసిన,” అన్నారు.

విద్యుత్ కేంద్రం కడుతున్న రోజుల్లో ఆ లారీ కృష్ణ ఒడ్డునుంచి ఇసుక మోసింది. అంతకుముందు రైతు తండ్రి ఇంటిల్లిపాదినీ, విత్తనాలనూ, మంచాలనూ వేసుకుని పోతనాళకు చేరింది అందులోనే. “నేను బస్తాల మీద పడుకొని వచ్చానండి. గోదావరి దాటేటప్పటికే నిద్రపోయానంట. మా అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తాది,” అన్నాడు రైతు.

అయితే ఆయన తమ్ముళ్లకు ఆ లారీ అక్కర్లేదు. అది ఉన్న కొట్టం వాళ్లకు ధాన్యం పోసుకోవడానికి కావాలి. అన్నదమ్ములు ఒక ఒప్పందానికి వచ్చారు. వరికోతల్లోగా లారీ తన ఇంజనుతో తాను నడిచి ఇంటి ముందుకొస్తే ఉంటుంది. మళ్లీ తాడు కట్టి లాక్కురావలసి వస్తే, అటునుంచటే తుక్కుకు పోయి ముక్కలవుతుంది.

“తాడు కట్టనియ్య,” అన్నారు ఉస్తాద్. ఆయన ఏ బండికీ మాటివ్వగా అంతకుముందు నేను వినలేదు.

ఆరు నెలలు పనిచేశాం. దసరా దాటాక ఇంజను హెడ్డు విప్పి వాల్వులు అరగదీశాం. ఆరు సిలిండర్ల నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి. వాటి మీద ఉస్తాద్ ఉతికిన తెల్ల గుడ్డ కప్పి, నట్లు కొనడానికి రాయచూరు పోయారు. దీపాల అంచులు తోమి ఉంచమని నాకు చెప్పారు. నాకు తొందరగా ఉంది, ఆ సాయంత్రం ఒక పోటీ. బూడిద తడిపితే ఆరేదాకా కాచుకోవాలి. పొడిగానే తీసుకున్నాను. తోమడానికి మెత్తటి గుడ్డ కావలసివచ్చింది. ఎదురుగా ఉన్నదే తీశాను. మడ్‌గార్డు మీద కూర్చుని, ఆ నోళ్ల పక్కనే, పొడి బూడిదతో అరగంటసేపు తోమాను. మధ్యమధ్య నోటితో ఉఫ్ఫని ఊదాను కూడా. తర్వాత గుడ్డ దులిపి, మర్యాదగా మళ్లీ కప్పాను.

వారం తర్వాత ఇంజను బిగించి స్టార్టు చేశాం. మొదట బాగానే పలికింది. కాసేపటికి నీలం పొగ. ఉస్తాద్ నన్ను కర్ర పెట్టి వినమన్నారు. మూడో సిలిండర్‌లో ఎవరో ఇసుక కాగితం రుద్దుతున్నట్టుంది. ఆయన ఇంజను ఆపి, దీపం అంచు మీద వేలు రాసి, వేలి కొస చూశారు.

“గుడ్డ తీసినవా?”

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేను వాదించాను. పొగగొట్టాల కింద షెడ్డు పెట్టుకుని బూడిద పడిందంటే ఎలా అన్నాను. బూడిద లారీలు పరదా కప్పకుండా పోతాయన్నాను. గాలి దిక్కు గురించి మాట్లాడాను. ఏ బూడిద రేణువు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ నిరూపించలేరన్నాను. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అంత చక్కటి వాదన నేను ఏ వేదిక మీదా చేయలేదు.

ఆయన పూర్తిగా విన్నారు. మధ్యలో అడ్డు రాలేదు. నేను ఆగాక స్పానర్ నా చేతిలో పెట్టారు.

“కేసు గెలిచినవ్ వకీలమ్మా. ఇగ ఇంజన్ ఇప్పు.”

ఒక్కదాన్నే విప్పాను. రెండు ఆదివారాలు పట్టింది. ప్రతి బోల్టూ వరసలో పేర్చాను. మూడో పిస్టన్ పైకి తీసేసరికి, సిలిండర్ గోడ మీద పైనుంచి కిందికి గీతలు, పిల్లి గోళ్లతో గీరినట్టు. రింగుల సందులో బూడిద నల్లగా గట్టిపడి ఉంది. దాన్ని గోటితో తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. దానితో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. వరికోతలకు నెలరోజులే ఉంది. ఒకరి తండ్రి లారీని, ఇంకొకరు ఇచ్చిన మాటను నేను ఒక సాయంత్రపు తొందరకు బలిపెట్టాను.

“నేనే తీశాను ఉస్తాద్,” అన్నాను.

“మాలూం,” అన్నారాయన. “తిన్నవా?”

పాడైన రింగులు మార్చాలి, కానీ అలాంటివి బజారులో దొరకవు. యరగేరలో ఒక రైతు బావి మీద అదే రకం పాత ఇంజను నీళ్లు తోడుతుండేదని ఉస్తాద్‌కు గుర్తుంది. బస్సులో పోయాం. ఇంజను పనిచేయడం మానేసి చాలాకాలమైంది, కోళ్లు దాని మీద కూర్చుంటున్నాయి. ఆ రైతు, “ముసలిదాని పండ్లు పీకి ఇంకో ముసలిదానికి పెడ్తరా?” అని నవ్వుతూనే ఒప్పుకున్నాడు. తెచ్చిన రింగులు సరిపోయాయి. గీతలను సానరాయితో నునుపు చేశాం కానీ, లోతైనవి పోలేదు.

“ఇంకొంచెం అరగదీద్దామా?” అని అడిగాను.

“ఎక్కువ తీస్తే గోడనే పోతది. ఉండనియ్. కొంచెం ఆయిలు తాగుతది, కొంచెం చప్పుడు చేస్తది. గని నడుస్తది.” ఆ తర్వాత, బూడిద డబ్బా ఉన్న గోడ మీద సుద్దముక్కతో రాశారు, “ముందు బానెట్ మూయాలె.” ఆ షెడ్డులో గోడ మీద రాసిన నియమం అదొక్కటే.

ఇక రేకు. నేను ముందుగా కాగితం మీద రాసుకున్నాను. పరిస్థితులు, గాలి, తొందరకు కారణం, దిద్దుబాటు, అన్నీ కలిపి నిండా ఒక పేజీ. ఉస్తాద్ దాన్ని దూరంగా పట్టుకుని చదివారు.

“మంచిగ రాసినవ్. రేకు జానెడే ఉన్నది. ఒక్కొక్క చుక్కకు ఒక సుత్తి దెబ్బ. కొట్టు.”

మొదటి అక్షరానికే చెయ్యి నొప్పి పుట్టింది. కారణాలకు అంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కాగితం మీద మాటలు కొట్టివేసుకుంటూ పోతే చివరికి ఇంతే మిగిలింది. “మూడో సిలిండర్‌ల గీతలున్నయి, మూత గుడ్డ నేను తీసిన.” ఆయన రాతకు జతగా ఉండాలని ఆయన మాటల్లోనే కొట్టాను. ఆయన రేకు అందుకుని, దాని కింద తన మేకుతో ఇంకో వరస కొట్టారు. “గుడ్డ తియ్యొద్దని నేను చెప్పలె.”

“ఇది అన్యాయం ఉస్తాద్. తీయకూడదని ఎవరికైనా తెలుస్తుంది,” అన్నాను.

“నీకు తెల్వలె గద. అందరికి తెలుసనుకున్న, చెప్పలె. నా తప్పు నాది. దాని మీద నీ వాదన నడవది,” అని రేకు బిగించేశారు. మూడేళ్లలో ఆయన నాతో వాదించి గెలిచింది ఆ ఒక్కసారే.

కోతలు మొదలవుతుండగా లారీని పోతనాళకు బయలుదేరదీశాం. ఆయన నడుపుతున్నారు, నేను పక్కన. రాయచూరు దాటాం. మాన్వి దాటాం. దారిలో పిల్లలు కేకలు వేశారు, ఒక బస్సు డ్రైవరు పక్కకు తీసి సలాం కొట్టాడు. కాలువ వంతెన ఇంకా రాకముందే ఇంజనులో టకటకమని కొత్త చప్పుడు మొదలైంది. ముక్కులోంచి ఆవిరి. ఆయన పక్కకు ఆపారు, ఇంజను ఆర్పలేదు.

వెనక వస్తున్న ట్రాక్టరతను దిగొచ్చి, “తాత, తాడున్నది. కట్టాల్నా?” అన్నాడు.

“వద్దు బాబు, పో,” అని ఉస్తాద్ కర్ర తీసి నాకిచ్చారు. “ఇను. మూడోదేనా?”

“మీరే వినండి ఉస్తాద్. ఇప్పుడు నేను తప్పు చెబితే…”

“నాకు ఇనవడ్తలేదు,” అన్నారు మామూలుగా, పొద్దు వాలిందన్నట్టు. “ఏడాదాయె చెవులు సరిగ లెవ్వు. చెవికి పెట్టుకుంటున్న గని, చప్పుడు నువ్వు చెప్పిందే.”

“మరి ఏడాదిగా నేను మీతో వాదించిందంతా?”

“సగం ఇన్లె,” అన్నారు. కళ్లలో కొంటెతనం. “నువ్వు మాట్లాడుతుంటే మొహం మంచిగుంటది, సూస్కుంట కూసున్న. ఇను ఇగ, లేటైతున్నది.”

కర్ర చెవికి పెట్టుకున్నాను. మూడో సిలిండర్ దగ్గర నా గీతల గరగర నెమ్మదిగా, ఎప్పటిలాగే ఉంది. రెండోది, నాలుగోది కుదురుగా ఉన్నాయి. కర్రను ముందుకు జరుపుకుంటూ పోయాను. ఫ్యాను దగ్గర టకటక చెవిలో పొడిచినట్టు వినిపించింది.

“మూడోది కాదు. ఫ్యాను పట్టీ వదులైంది, పక్కన తగులుతోంది,” అన్నాను. ఎన్నో వేదికల మీద ఎన్నో నిశ్చయంగా చెప్పాను. ఒక మాట నిజం కావాలని అంతగా కోరుకున్నది అప్పుడే.

ఆయన మళ్లీ అడగలేదు. ఇంజను ఆర్పారు. పట్టీ బిగించాం, కాలువనుంచి నీళ్లు తెచ్చి రేడియేటరులో పోశాం, చెట్టు లేని ఆ రోడ్డు మీద లారీ నీడలోనే కూర్చుని పెద్దమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు తిన్నాం. చల్లారాక స్టార్టు చేస్తే, ఒకసారి దగ్గి, అందుకుంది.

పోతనాళలో ఇంటి ముందుకు లారీ తన కాళ్ల మీద తాను వచ్చి నిలబడింది. రైతు గేటు పట్టుకుని అలాగే నిలుచున్నాడు. తుక్కుకు అమ్మేద్దామన్న చిన్న తమ్ముడు చుట్టూ తిరిగి చూసి, తన కూతుర్ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. ఆ పిల్ల వెంటనే హారను మోగించింది. ధాన్యం ఆ ఏడు ఎక్కడ పోసుకున్నారో నాకు తెలియదు. తుక్కు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. “మేస్త్రీగారూ, లోపలికి రండి, కాళ్లు కడుక్కోండి,” అని రైతు పిలుస్తుంటే, వినపడని ఉస్తాద్ బానెట్ మీద చెయ్యి వేసి, “శభాష్ బిడ్డా,” అంటున్నారు. లారీతో అన్నారో నాతో అన్నారో నేను అడగలేదు.

ఆ తర్వాత ఏడాదిపాటు ఆయన చెవి నేనే. ఆదివారాలు ఆయన కుర్చీలో కూర్చుంటే, నేను విని చెప్పేదాన్ని, ఆయన విప్పమన్నది విప్పేదాన్ని. వాదనలూ సాగాయి. వినపడకపోయినా తలూపేవారని తెలిశాక, నేను దగ్గరికి జరిగి, కొంచెం గట్టిగా, కొంచెం తక్కువ మాట్లాడటం నేర్చుకున్నాను. చర్చాపోటీల్లో నా ప్రసంగాలు కూడా పొట్టివయ్యాయని మా అధ్యాపకులు గమనించారు. కారణం వాళ్లకు చెప్పలేదు.

కృష్ణ ఒడ్డున ఆయన్ను సాగనంపినరోజు నేను పెద్దమ్మ పక్కనే ఉన్నాను. పదో రోజు మళ్లీ పోయాను. షెడ్డుకు నిజంగానే తాళం లేదు. బోల్టులు గుడ్డ మీద వరసగా ఉన్నాయి. ఆయన చివరగా విప్పుతున్న జీపువి. కర్ర కుర్చీకి ఆనించి ఉంది.

మధ్యాహ్నం దాటుతుండగా రోడ్డు మీద నాకు తెలిసిన చప్పుడు వినిపించింది. పోతనాళ రైతు లారీ తెచ్చాడు, తానే నడుపుకుంటూ, భార్యనూ తమ్ముళ్లనూ వెంటబెట్టుకుని. “కారులో రావచ్చండి. కానీ ఆయన్ని చూడటానికి ఇందులోనే రావాలనిపించింది,” అన్నాడు. పెద్దమ్మ బయటికొచ్చి లారీ ముక్కు మీద చెయ్యి వేసింది. “నన్ను ఎక్కియ్యకనే పొయ్యిండు దీంట్ల,” అన్నది. తమ్ముళ్లిద్దరూ ఆమెను చెరో పక్క పట్టుకుని ఎక్కించారు. సూగూరేశ్వరుడి గుడిదాకా తిప్పుకొచ్చారు. దిగేటప్పుడు ఆమె మొహం కడిగినట్టు తేటగా ఉంది.

ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. బానెట్ ఎత్తి, కర్ర ఆనించి విన్నాను. మూడో సిలిండర్‌లో ఆ గరగర అలాగే ఉంది. నా తప్పు చప్పుడు చేస్తూనే ఉంది, లారీ నడుస్తూనే ఉంది. ఆయన చెప్పినట్టే. డాష్‌బోర్డు కింద వేళ్లు పెట్టి తడిమితే, నా వరస, దాని కింద ఆయన వరస, చుక్కలు చుక్కలుగా తగిలాయి.

తలెత్తేసరికి, అంతసేపట్లోనే, లారీ దీపాల మీద బూడిద పలుచగా పరుచుకుంది. రైతు వాళ్లు బయలుదేరబోతున్నారు. దాన్ని అలా పంపబుద్ధి కాలేదు. డబ్బా తీశాను, బూడిద తడిపాను, వేరే గుడ్డ వెతికి తెచ్చుకున్నాను.

ముందు బానెట్ మూశాను. తర్వాతే దీపాలు తోమాను.